వెయ్యి కోట్ల ఏళ్ళలో గెలాక్సీ క్లస్టర్లు మారాయా, మారలేదా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెబుతాను. పెద్ద గెలాక్సీ క్లస్టర్లన్నీ (గురుత్వాకర్షణతో కట్టుబడి ఉన్న వందల గెలాక్సీల గుంపులు) విశ్వచరిత్రలో ఆలస్యంగా ఏర్పడినవేనని ఒక పాఠ్యపుస్తకంలో చదివారు. గత వెయ్యి కోట్ల ఏళ్ళలో క్లస్టర్లు దాదాపు మారనే లేదని ఎక్స్-రే పరిశీలనలు తేల్చినట్టు ఒక వార్తలో చదివారు. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్నది మీ సందేహం. దూరపు క్లస్టర్లు ఎక్స్-రే చిత్రాల్లో మసక మరకల్లా కనిపించడానికి కారణం వాటి లేత వయసా, లేక దూరమేనా అని కూడా అడిగారు.

రెండూ నిజమే. పాఠ్యపుస్తకం చెప్పింది ఎన్ని క్లస్టర్లు ఉన్నాయన్న లెక్క గురించి. వార్త చెప్పింది ఒక్కో క్లస్టర్ లోపలి తీరు గురించి. ఆ లోపలి తీరులో కూడా బయటి భాగానిది ఒక కథ, నడిబొడ్డుది వేరే కథ. ఈ రంగంలో చాలా ఏళ్ళు ఎక్స్-రే దత్తాంశంతో కుస్తీ పట్టాక నాకు ఒక అలవాటు మిగిలింది. క్లస్టర్లు ‘మారాయి’ అని ఎవరన్నా, ‘మారలేదు’ అని ఎవరన్నా, కేంద్రం నుంచి ఎంత దూరంలో కొలిచారని ముందు అడుగుతాను. సగం తగాదాలు అక్కడే తీరిపోతాయి.

అసలు ఎక్స్-రేలో మనం చూసేది గెలాక్సీలను కాదు. ఒక పెద్ద క్లస్టర్ ద్రవ్యరాశి వంద లక్షల కోట్ల సూర్యుల నుంచి వెయ్యి లక్షల కోట్ల సూర్యుల దాకా ఉంటుంది. అందులో దాదాపు 85 శాతం కృష్ణ పదార్థం, అంటే వెలుగునివ్వకుండా గురుత్వాకర్షణతోనే ఉనికి తెలిపే పదార్థం. మిగిలినదాంట్లో సింహభాగం గెలాక్సీల మధ్య నిండి ఉన్న వేడి వాయువు. నక్షత్రాలన్నీ కలిపినా కొద్ది శాతమే. అంటే మామూలు టెలిస్కోపులో మనల్ని మురిపించే ఆ వందల గెలాక్సీలు మొత్తం సరుకులో అడుగూబొడుగూ మాత్రమే. కోమా క్లస్టర్‌లో కనబడని ద్రవ్యం చాలా ఉండాలని ఫ్రిట్జ్ జ్వికీ 1933లోనే గెలాక్సీల వేగాలు చూసి చెప్పాడు. వాయువు సంగతి మాత్రం ఎక్స్-రే వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు.

ఆ వాయువు ఎందుకంత వేడి? కృష్ణ పదార్థం తవ్విన గురుత్వాకర్షణ గోతిలోకి వాయువు సెకనుకు వెయ్యి కిలోమీటర్లకు మించిన వేగంతో పడుతుంది. అప్పటికే అక్కడున్న వాయువును ఢీకొని ఆగుతుంది. ఆగినప్పుడు ఆ వేగమంతా వేడి అవుతుంది. కోటి డిగ్రీల నుంచి పది కోట్ల డిగ్రీల దాకా, మహా క్లస్టర్లలో ఇంకొంచెం ఎక్కువగానే ఉంటుంది. కాబట్టి వాయువు ఉష్ణోగ్రత కొలిస్తే గోతి లోతు, అంటే మొత్తం ద్రవ్యరాశి, ఒక అంచనాకు వస్తుంది. ఎక్స్-రే ఖగోళశాస్త్రం క్లస్టర్లను తూచే పద్ధతికి మూలం ఇదే.

ఇంత వేడిగా ఉన్నా ఆ వాయువు నమ్మలేనంత పలచన. క్లస్టర్‌లో చాలాచోట్ల లీటరుకు ఒక్క ప్రోటాన్ ఉంటే గొప్ప. కొన్ని క్లస్టర్ల నడిబొడ్డులో మాత్రం లీటరుకు వంద దాకా చేరతాయి. ఎలక్ట్రాన్లు ప్రోటాన్ల పక్కనుంచి వంగి పోతున్నప్పుడు ఎక్స్-రే కాంతి పుడుతుంది. రెండు కణాలు దగ్గరపడితేనే ఇది జరుగుతుంది కనుక వెలుగు సాంద్రత వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. సాంద్రత వంద రెట్లయితే అంతే చోటు నుంచి వచ్చే వెలుగు పదివేల రెట్లు. ఈ వర్గం సంగతి గుర్తుంచుకోండి. దూరపు క్లస్టర్ల విషయంలో వచ్చిన పొరపాట్లలో చాలావాటికి మూలం ఇదే.

చరిత్ర రెండు ముక్కల్లో చెప్పేస్తాను. 1970 డిసెంబరులో కెన్యా తీరంలోని సముద్ర వేదిక మీదనుంచి ఎగిరిన ఉహురు ఉపగ్రహం కోమా, పెర్సియస్, వర్గో క్లస్టర్ల నుంచి వచ్చే ఎక్స్-రేలు ఒక్క బిందువు నుంచి కాక విశాలమైన ప్రాంతం నుంచి వస్తున్నాయని చూపింది. అవి వేడి వాయువువా, లేక వేగంగా తిరిగే ఎలక్ట్రాన్ల పనా అన్న వాదన కొన్నేళ్ళు నడిచింది. 1976లో ఏరియల్-5 ఉపగ్రహం పెర్సియస్ వర్ణపటంలో ఇనుము గీతను (వేడి ఇనుము పరమాణువులు మాత్రమే వెలువరించే ప్రత్యేక తరంగాన్ని) పట్టుకోవడంతో వాదన ముగిసింది. కోట్ల డిగ్రీల వేడి వాయువే అని రుజువైంది. దానితోపాటు మరో సంగతి బయటపడింది. ఇనుము నక్షత్రాల్లో తయారవుతుంది. అంటే గెలాక్సీల మధ్య తేలుతున్న ఈ వాయువులో నక్షత్రాల కడుపులో కాగి బయటకు చిమ్మిన పదార్థం కలిసి ఉంది.

ఇక అసలు విషయం. మొదట సంఖ్య.

విశ్వంలో చిన్న ముద్దలు ముందు ఏర్పడి, అవి కలిసి పెద్దవవుతాయి. ఈ వరుసలో చివరివి క్లస్టర్లు. భారీ క్లస్టర్ ఏర్పడాలంటే తొలి విశ్వంలో చాలా అరుదైన పెద్ద మిట్ట ఉండాలి, అది పూర్తిగా కుప్పకూలడానికి తగినంత సమయం కావాలి. అందుకే కాలంలో వెనక్కి వెళ్ళేకొద్దీ భారీ క్లస్టర్ల సంఖ్య మెల్లగా కాదు, నిట్టనిలువునా పడిపోతుంది. ఎంత వేగంగా పడిపోతుందన్నది విశ్వంలో పదార్థం ఎంతుంది, విశ్వవ్యాకోచాన్ని వేగవంతం చేసే కృష్ణ శక్తి ఏం చేస్తోంది అన్న వాటి మీద ఆధారపడుతుంది. ఒక రకంగా క్లస్టర్లు విశ్వపు జనాభా లెక్కలు. ఫలానా కాలంలో ఫలానా బరువున్నవి ఎన్ని ఉన్నాయో చెబితే ఆ విశ్వం ఎలాంటిదో చెప్పేయవచ్చు.

1978లో ఎగిరిన ఐన్‌స్టీన్ అబ్జర్వేటరీ సేకరించిన దత్తాంశం నుంచి 1990ల మొదట్లో తొలి గట్టి సమాధానం వచ్చింది. ఎక్స్-రేలో అత్యంత ప్రకాశవంతమైన క్లస్టర్లు గతంలో తక్కువగా ఉన్నాయని. ఆ తరువాత రోశాట్ ఉపగ్రహపు లోతైన చిత్రాలను జల్లెడ పట్టినవారు దీనికి ఒక సవరణ చేర్చారు. మధ్యతరగతి క్లస్టర్ల సంఖ్య, రెడ్‌షిఫ్ట్ 0.8 దాకా, అంటే దాదాపు 700 కోట్ల ఏళ్ళ వెనక దాకా పెద్దగా మారలేదు. తగ్గింది కొనమీద ఉన్న మహా క్లస్టర్లు మాత్రమే. (రెడ్‌షిఫ్ట్ అంటే విశ్వవ్యాకోచం వల్ల కాంతి తరంగం ఎంత సాగిందో చెప్పే సంఖ్య. 0.5 అంటే 500 కోట్ల ఏళ్ళ పైచిలుకు వెనక, 1 అంటే సుమారు 780 కోట్లు, 2 అంటే వెయ్యి కోట్లు దాటి.)

ఆ రోజుల్లో దీని మీద గట్టి పందెమే ఉండేది. విశ్వమంతా పదార్థంతోనే నిండి కీలక సాంద్రతకు (విశ్వం చదునుగా ఉండటానికి కావలసిన సగటు సాంద్రతకు) చేరి ఉంటే, క్లస్టర్లు చాలా ఇటీవలే ఎదిగి ఉండాలి, రెడ్‌షిఫ్ట్ 0.8 దగ్గర భారీ క్లస్టర్ అనేది కనబడనే కూడదు. కానీ ఎంఎస్1054-03 అనే క్లస్టర్ రెడ్‌షిఫ్ట్ 0.83 దగ్గర, పది కోట్ల డిగ్రీల స్థాయి వేడితో దర్జాగా కూర్చుని ఉంది. అలాంటిది ఒక్కటి దొరికినా ఆ సిద్ధాంతానికి చిక్కే. 1998లో సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, విశ్వవ్యాకోచం వేగం పుంజుకుంటోందని చెప్పాయి. పదార్థం తక్కువగా ఉందన్న మాట క్లస్టర్లు తమ దారిలో తాము అదే కాలంలో చెప్పాయి. ఆ పేరంతా సూపర్‌నోవాలే కొట్టుకుపోయాయని మా రంగంలో వాళ్ళకు కాస్త ఉక్రోషం ఇప్పటికీ ఉంది, నాకూ ఉంది.

2009లో ఇంకో మెట్టు ఎక్కారు. రోశాట్ చిత్రాల్లో దొరికిన, సగటు రెడ్‌షిఫ్ట్ 0.55 ఉన్న 37 క్లస్టర్లను, దగ్గరలోని 49 ప్రకాశవంతమైన క్లస్టర్లను చంద్ర ఎక్స్-రే టెలిస్కోపుతో విడివిడిగా కొలిచి పోల్చారు. కృష్ణ శక్తి లేకపోతే ఉండాల్సినంత ఎదుగుదల క్లస్టర్లలో లేదు. వ్యాకోచం వేగం పుంజుకున్నాక కొత్త సరుకు వచ్చి పడటం మందగించింది. అంటే కృష్ణ శక్తి నిర్మాణాల ఎదుగుదలకు అడ్డుపడటాన్ని అక్కడ నేరుగా చూస్తున్నాం. ఇప్పుడు ఆ సంఖ్యలు ఎక్కడికో పోయాయి. 2019 జులైలో ఎగిరిన ఈరోసిటా తన తొలి ఆరు నెలల సర్వేలో, ఆకాశంలో ఒక సగం నుంచే, 12,247 క్లస్టర్ల పట్టిక ఇచ్చింది. 2024లో వెలువడిన ఆ లెక్క మామూలు విశ్వ నమూనాతో, ప్లాంక్ ఉపగ్రహం సూక్ష్మతరంగ నేపథ్యం (తొలి విశ్వం నుంచి మిగిలిన కాంతి) నుంచి ఇచ్చిన విలువలతో చక్కగా పొసగింది.

ఇక్కడిదాకా పాఠ్యపుస్తకం నెగ్గింది. భారీ క్లస్టర్లు ఆలస్యంగా వచ్చినవే.

వార్త సంగతికి వెళ్ళేముందు దూరం వల్ల వచ్చే మోసం గురించి చెప్పాలి. మీ మసక మరకల ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. విస్తరిస్తున్న విశ్వంలో విశాలమైన వస్తువు ఉపరితల ప్రకాశం (ఆకాశంలో ఒక్కో చిన్న ముక్క నుంచి వచ్చే వెలుగు), ఒకటి కలిపిన రెడ్‌షిఫ్ట్ యొక్క నాలుగో ఘాతంలో పడిపోతుంది. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర పదహారో వంతు, 2 దగ్గర 81వ వంతు. ఇది పచ్చి నిజం, ఏ టెలిస్కోపూ తప్పించుకోలేదు. అయితే ఆ కాలంలో విశ్వమే చిక్కగా ఉంది. అప్పుడు ఏర్పడిన క్లస్టర్లూ చిక్కగా ఉంటాయి. వెలుగు సాంద్రత వర్గాన్ని బట్టి ఉంటుంది కదా, అందువల్ల పోయినదాంట్లో కొంత తిరిగి వస్తుంది. ఇదే లేకపోతే రెడ్‌షిఫ్ట్ 1 దాటిన క్లస్టర్లను మనం చూసేవాళ్ళమే కాదు.

పరిమాణం సంగతి ఇంకో తమాషా. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర పది లక్షల పార్సెక్‌ల (ఒక పార్సెక్ సుమారు 3.26 కాంతి సంవత్సరాలు) వెడల్పున్న క్లస్టర్ ఆకాశంలో దాదాపు రెండు కోణీయ నిమిషాలు ఆక్రమిస్తుంది. ఇంకా దూరం పోతే ఇంకా చిన్నదవుతుందనుకుంటాం, కానీ అవదు. రెడ్‌షిఫ్ట్ 1.6 ప్రాంతం దాటాక అదే పరిమాణం గల వస్తువు మళ్ళీ కొద్దికొద్దిగా పెద్దగా కనిపించడం మొదలవుతుంది. కాబట్టి దూరపు క్లస్టర్ చుక్కంత కనబడితే నెపం మొత్తం దూరం మీదకు నెట్టడానికి లేదు. అది నిజంగానే చిన్నది కావచ్చు. లేదా దాని నడిబొడ్డు మాత్రమే కనిపిస్తూ, చుట్టూ ఉన్న పలచని వాయువు నేపథ్యపు రొదలో మునిగిపోయి ఉండవచ్చు.

ఇంకా దారుణం, చుక్కగా కనబడేది క్లస్టరే కాకపోవచ్చు. పెద్ద కృష్ణ బిలం పదార్థాన్ని మింగుతున్న గెలాక్సీలు ఎక్స్-రేలో బిందువుల్లా మెరుస్తాయి. చంద్ర టెలిస్కోపు దృష్టి అర కోణీయ సెకను దాకా పదును కనుక విడదీసి చూపుతుంది. ఎక్స్ఎంఎం-న్యూటన్‌కు కాంతి సేకరించే శక్తి ఎక్కువ, పదును తక్కువ. ఈరోసిటా పదును ఇంకా తక్కువ. ఈ రంగంలోకి వచ్చిన కొత్తలో ఒక దూరపు క్లస్టర్ దొరికిందని రెండు నెలలు ఊరేగాను. నా చేతిలో ఉన్నది మొత్తం ఎనభై చిల్లర ఫోటాన్లు. సన్నని పదునుతో మళ్ళీ చూస్తే పక్కపక్కనే రెండు కృష్ణ బిలాలు, క్లస్టర్ ఆనవాలే లేదు. అప్పటినుంచి ‘విస్తరించిన ఎక్స్-రే వెలుగు’ అన్న మాట ఎక్కడ చదివినా ఎన్ని ఫోటాన్లు అని వెతుక్కుంటాను.

అంతకంటే లోతైన ఇబ్బంది ఎంపికలో ఉంది. ఎక్స్-రే సర్వే వెలుగును చూసి క్లస్టర్లను ఎంచుకుంటుంది. నడిబొడ్డు చిక్కగా ఉన్నవి వాటి బరువుకు మించి వెలుగుతాయి. కాబట్టి జాబితాలో అలాంటివి ఉండాల్సినదానికంటే ఎక్కువ చేరతాయి. అందమైన, ప్రశాంతమైన క్లస్టర్లే విశ్వమంతా ఉన్నాయన్న భ్రమ కలుగుతుంది. దీనికి విరుగుడు సున్యాయెవ్–జెల్డోవిచ్ ప్రభావం. విశ్వ సూక్ష్మతరంగ నేపథ్యం క్లస్టర్ గుండా వచ్చేటప్పుడు వేడి ఎలక్ట్రాన్లు ఆ ఫోటాన్లకు శక్తినిస్తాయి, ఫలితంగా కొన్ని తరంగదైర్ఘ్యాల్లో క్లస్టర్ ఒక నీడలా కనబడుతుంది. ఆ నీడ గాఢత దూరాన్ని బట్టి తగ్గదు. పైగా అది సాంద్రత వర్గాన్ని కాక పీడనాన్ని బట్టి ఉంటుంది కనుక నడిబొడ్డు పక్షపాతం బాగా తక్కువ. దక్షిణ ధ్రువ టెలిస్కోపు, చిలీలోని అటకామా కాస్మాలజీ టెలిస్కోపు, ప్లాంక్ ఉపగ్రహం ఈ దారిలో వేల క్లస్టర్లను పట్టుకున్నాయి. గత పదిహేనేళ్ళలో ఈ రంగంలో జరిగిన మంచి పనంతా ఒక్క మాటలో చెప్పాలంటే, క్లస్టర్లను నీడతో ఎంచుకుని ఎక్స్-రేతో పరీక్షించడమే.

మీరు చదివిన వార్త బహుశా అలాంటి పని గురించే. దక్షిణ ధ్రువ టెలిస్కోపు ఎంపిక చేసిన భారీ క్లస్టర్లను, రెడ్‌షిఫ్ట్ 1.9 దాకా, చంద్రతో చూసి 2017లో ఒక ఫలితం ప్రకటించారు. దాన్ని ‘ఏమీ మారలేదు’ అని కుదించడం అన్యాయం. అందులో రెండు భాగాలున్నాయి.

మొదటిది బయటి ప్రాంతం. గురుత్వాకర్షణ ఒక్కటే రాజ్యమేలితే చిన్న క్లస్టర్, పెద్ద క్లస్టర్, పాతది, కొత్తది అన్నీ ఒకే బొమ్మకు చిన్నవీ పెద్దవీ అయిన నకళ్ళలా ఉండాలని 1986లో నిక్ కైజర్ ప్రతిపాదించాడు. ఒక కాలపు క్లస్టర్ సాంద్రత ఆ కాలపు విశ్వం కీలక సాంద్రతతో పాటు పెరుగుతుంది. రెడ్‌షిఫ్ట్ 1 దగ్గర అది ఇప్పటికంటే మూడు రెట్లు, 1.9 దగ్గర ఎనిమిది రెట్లు. ఆ నిష్పత్తిని తీసేసి చూస్తే కేంద్రానికి దూరంగా ఉన్న వాయువు, వెయ్యి కోట్ల ఏళ్ళ కిందటి క్లస్టర్లలోనూ నేటి క్లస్టర్లలోనూ ఒకే గీత మీద పడింది. ఇక్కడ ‘మారలేదు’ అంటే ‘గురుత్వాకర్షణ చెప్పినట్టే మారింది’ అని అర్థం. ఘనమీటరుకు ఎన్ని కణాలని లెక్కిస్తే చాలానే మారింది. నిష్పత్తుల్లో చూస్తే మారలేదు. వార్త రాసినవారు ఈ తేడాను మింగేశారు.

ఈ బొమ్మ భారీ క్లస్టర్లకు బాగా కుదురుతుంది, చిన్నవాటికి కుదరదు. కైజర్ లెక్క ప్రకారం వెలుగు ఉష్ణోగ్రత వర్గాన్ని బట్టి పెరగాలి. పరిశీలనల్లో అది ఘనానికి దగ్గరగా వస్తుంది. అంటే చిన్న గుంపులు ఉండాల్సినదానికంటే మసకగా ఉన్నాయి, వాటి వాయువు ఉండాల్సినంత చిక్కగా లేదు. ఎవరో ముందే దాన్ని వేడిచేసి ఉబ్బించారు. ఎవరన్నది నడిబొడ్డు కథలో తెలుస్తుంది.

నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన భాగం ఆ నడిబొడ్డే, కాస్త ఎక్కువ చెబితే ఓర్చుకోండి.

వాయువు వెలుగుతోందంటే శక్తి కోల్పోతోందని అర్థం. లీటరుకు ఒక్క ప్రోటాన్ ఉండి పది కోట్ల డిగ్రీల వేడి ఉన్నచోట అది చల్లారడానికి 8500 కోట్ల ఏళ్ళు పడుతుంది. విశ్వం వయసు 1380 కోట్లే. అక్కడ చింతే లేదు. కానీ లీటరుకు వంద ఉన్న నడిబొడ్డులో, ఉష్ణోగ్రత కూడా మూడో వంతే కనుక, యాభై కోట్ల ఏళ్ళలోపే చల్లారిపోవాలి. చల్లారితే పీడనం తగ్గుతుంది, బయటి వాయువు లోపలికి జారుతుంది, అదీ చల్లారుతుంది. ఇలా ఏడాదికి వందల సూర్యుల బరువున్న వాయువు కేంద్ర గెలాక్సీలోకి కురవాలి, నక్షత్రాలు కుప్పలుతెప్పలుగా పుట్టాలి. చల్లారే ప్రవాహం అని దీనికి పేరు పెట్టి పాతికేళ్ళు లెక్కలు వేశారు. ఆ నక్షత్రాలు మాత్రం కనబడలేదు.

2001లో ఎక్స్ఎంఎం-న్యూటన్ వర్ణపట పరికరం అసలు గుట్టు విప్పింది. వాయువు చుట్టుపక్కల ఉష్ణోగ్రతలో దాదాపు మూడో వంతుకు చల్లారి అక్కడే ఆగిపోతోంది. అంతకంటే చల్లని వాయువు నుంచి రావాల్సిన గీతలు వర్ణపటంలో లేవు. ఏదో దాన్ని కిందినుంచి కాస్తోంది. చంద్ర చిత్రాలు ఆ కాసేవాణ్ణి పట్టించాయి. పెర్సియస్ నడిబొడ్డులో రెండు పెద్ద చీకటి బుడగలు. వాటిని ఊదింది కేంద్ర గెలాక్సీలోని కృష్ణ బిలం చిమ్మిన జెట్లు, అంటే మహావేగంతో దూసుకొచ్చే సన్నని ధారలు. బుడగల చుట్టూ నీటిలో రాయి వేస్తే వచ్చినట్టు వలయాలు. అవి ధ్వని తరంగాలు, ఒక్కో అల గడవడానికి కోటి ఏళ్ళ వరకు పడుతుంది. వాయువు చల్లారి లోపలికి జారితే కృష్ణ బిలానికి మేత దొరుకుతుంది, అది బుడగలు ఊదుతుంది, వాయువు వేడెక్కి వెనక్కి తగ్గుతుంది, మేత ఆగుతుంది, జెట్లు సద్దుమణుగుతాయి. తనను తాను సరిచేసుకునే కొలిమి అన్నమాట. ఇందులో నాకు ఎప్పుడూ మింగుడుపడనిది కొలతల వ్యత్యాసం. సౌరకుటుంబమంత ప్రాంతంలో కూర్చున్న వస్తువు లక్షల కాంతి సంవత్సరాల వాయువును ఇంత ఓపికగా ఎలా అదుపు చేస్తుంది?

ఈ శక్తి వాయువంతటా ఎలా పరుచుకుంటుందన్నది ఇప్పటికీ తేలని లెక్క. 2016 ఫిబ్రవరిలో ఎగిరిన జపాన్ హిటోమి ఉపగ్రహం మార్చి నెలాఖరుకే అదుపు తప్పి ముక్కలైంది. పోయేముందు పెర్సియస్‌ను చూసింది. నడిబొడ్డు వాయువులో అల్లకల్లోల వేగం సెకనుకు 164 కిలోమీటర్లు. వినడానికి ఎక్కువే గానీ వాయువు వేడి పీడనంతో పోలిస్తే దాని పీడనం 4 శాతమే. బుడగలు అంత అల్లరి చేస్తున్నా చుట్టుపక్కల వాయువు ఆశ్చర్యపోయేంత ప్రశాంతంగా ఉంది. 2023 సెప్టెంబరులో ఎగిరిన ఎక్స్‌రిజమ్ ఆ పని అందుకుంది. సెంటారస్ క్లస్టర్ నడిబొడ్డులో వాయువు గుంపుగా ఊగుతున్నట్టు, కేంద్ర గెలాక్సీతో పోలిస్తే కదులుతున్నట్టు చూపింది. వేడిని పంచడంలో ఈ ఊగిసలాటకూ వాటా ఉండవచ్చు.

ఇప్పుడు కాలంలో వెనక్కి పోదాం. 2007లో, అంటే నీడతో ఎంచిన జాబితాలు ఇంకా రాకముందు, రెడ్‌షిఫ్ట్ 0.5 దాటితే చల్లని నడిబొడ్డున్న క్లస్టర్లు చాలా అరుదని ఒక ఫలితం వచ్చింది. అవి ఇటీవలే ఏర్పడ్డాయన్నమాట అని చాలామంది అనుకున్నాం. తరువాత కొలతలు మెరుగయ్యాక బయటపడిన చిత్రం వేరు. నడిబొడ్డు సాంద్రత, నిష్పత్తి లేకుండా ఘనసెంటీమీటరుకు ఎన్నని నేరుగా కొలిస్తే, రెడ్‌షిఫ్ట్ 1.5 దాటినా దాదాపు ఇప్పటంతే ఉంది. మరి పాత ఫలితం ఎందుకలా వచ్చింది? అప్పట్లో నడిబొడ్డును గుర్తించడానికి వెలుగు కేంద్రంలో ఎంత కోసుగా పెరుగుతుందో చూసేవారు. నడిబొడ్డు అంతే ఉంది. చుట్టూ ఉన్న వాయువు మాత్రం ఆ కాలంలో మూడు రెట్లు, నాలుగు రెట్లు చిక్కగా ఉంది. అదే ఎత్తున్న గోపురం చుట్టూ నేల ఎత్తు పెంచితే గోపురం పొట్టిగా కనబడుతుంది. గోపురం ఎదగలేదు, కాలక్రమంలో నేల దిగింది.

అందుకే కేంద్రం నుంచి ఎంత దూరమని అడగమన్నది. బయట నిష్పత్తుల్లో స్థిరం, సంఖ్యల్లో మార్పు. లోపల సంఖ్యల్లోనే స్థిరం. వెయ్యి కోట్ల ఏళ్ళ కాలంలో క్లస్టర్ బరువు ఎన్నో రెట్లు పెరిగింది, తోటి క్లస్టర్లతో ఢీకొంది, కృష్ణ బిలాలు ఎన్నిసార్లో జ్వలించి ఆరాయి. ఆ కొలిమి మాత్రం వేడిని అదే గీత దగ్గర పట్టి ఉంచింది. సిద్ధాంతకర్తలు కంప్యూటర్లో దీన్ని తయారు చేయడానికి ఇప్పటికీ చెమటోడుస్తున్నారు. ఒకసారి నడిబొడ్డును మరీ వేడిచేసి చెదరగొడతారు, ఇంకోసారి మరీ చల్లార్చి కుప్పపోస్తారు.

కొలిమి అదుపు తప్పినవీ ఉన్నాయి. ఫీనిక్స్ క్లస్టర్ రెడ్‌షిఫ్ట్ 0.6 దగ్గర ఉంది, ఎక్స్-రేలో తెలిసినవాటిలో అత్యంత ప్రకాశవంతమైనవాటిలో ఒకటి. దాని కేంద్ర గెలాక్సీలో ఏడాదికి వందల సూర్యుల బరువున్న నక్షత్రాలు పుడుతున్నాయి. పాతికేళ్ళు వెతికిన చల్లారే ప్రవాహం అక్కడ కొంతవరకైనా నిజంగా పారుతోంది. కృష్ణ బిలం అక్కడ నిద్రపోవడం లేదు, బుడగలు ఊదుతూనే ఉంది. మరి అక్కడ వేడి ఎందుకు చాలలేదన్నది ఎవరికి వారు చెప్పే కథ.

ఇనుము సంగతి తక్కువలో ముగిస్తాను. క్లస్టర్ల బయటి వాయువులో లోహాల (హైడ్రోజన్, హీలియం కాని మూలకాలను ఈ రంగంలో అలా అంటాం) పాలు సూర్యుడిలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతు. పెర్సియస్‌లో సుజాకు ఉపగ్రహం ఏ దిక్కున చూసినా అంచు దాకా ఇదే పాలు కనబడింది. క్లస్టర్ ఏర్పడ్డాక లోహాలు చిమ్మి ఉంటే గెలాక్సీల దగ్గర ఎక్కువ, అంచులో తక్కువ ఉండాలి. అలా లేదంటే వెయ్యి కోట్ల ఏళ్ళకు ముందే, నక్షత్రాల పుట్టుక, కృష్ణ బిలాల ఆకలి రెండూ ఉచ్చస్థితిలో ఉన్నప్పుడే, గెలాక్సీలు తమ లోహాలను బయటి ప్రదేశంలోకి వెదజల్లాయి. ఆ తరువాత ఆ లోహాలు కలిసిన వాయువే క్లస్టర్లలోకి పడింది. చిన్న గుంపుల వాయువును ముందే వేడిచేసి ఉబ్బించినవారు ఎవరని పైన అడిగాను కదా, అనుమానం వీరి మీదే, ముఖ్యంగా కృష్ణ బిలాల మీద.

క్లస్టర్లు ఢీకొనడం గురించి ప్రత్యేకంగా అడగలేదు గానీ, దూరపు చిత్రాలు వంకరటింకరగా ఉంటాయని మీరు అన్నారు. అవును, ఎదుగుదల అంటేనే ఢీకొనడం. బుల్లెట్ క్లస్టర్‌లో వాయువు వెనకబడి, ముందు ధ్వనికి మూడు రెట్ల వేగపు షాక్ తరంగం స్పష్టంగా కనిపిస్తుంది. గురుత్వ కటకంతో (వెనకున్న గెలాక్సీల కాంతిని ద్రవ్యరాశి ఎంత వంచిందో చూసి) గీసిన ద్రవ్యరాశి పటం వాయువును వదిలి గెలాక్సీలతో పాటే ముందుకు పోయింది, కృష్ణ పదార్థానికి ఇంతకంటే స్పష్టమైన బొమ్మ లేదు. రెడ్‌షిఫ్ట్ 0.87 దగ్గరున్న ఎల్ గోర్డో ఇంకా పెద్ద ఢీ. అయితే పాతకాలపు క్లస్టర్లన్నీ చెదిరి ఉంటాయని మాత్రం తీర్మానించకండి. నీడతో ఎంచుకున్న జాబితాల్లో చెదిరినవాటి పాలు కాలంతో పెద్దగా మారినట్టు కనబడలేదు. ఎనభై ఫోటాన్ల చిత్రంలో వంకర నిజమైనదో యాదృచ్ఛికమో చెప్పడం కూడా కష్టమే.

ఇక క్లస్టర్లు ఎప్పుడు మొదలయ్యాయి? రెడ్‌షిఫ్ట్ 2కు కాస్త ఇటుగా ఉన్న ఎక్స్ఎల్ఎస్ఎస్‌సీ 122లో ఎక్స్-రేతో పాటు సూక్ష్మతరంగ నీడ కూడా కనబడింది, అది ముదురు గెలాక్సీలున్న నిజమైన క్లస్టర్. రెడ్‌షిఫ్ట్ 2.5 దగ్గర సీఎల్ జె1001 నుంచి విస్తరించిన ఎక్స్-రే వెలుగు దొరికిందని 2016లో ప్రకటించారు, కాని దాని మధ్య గెలాక్సీలు ఇంకా ఉధృతంగా నక్షత్రాలను కంటూనే ఉన్నాయి. రెడ్‌షిఫ్ట్ 2.16 దగ్గర స్పైడర్‌వెబ్ గుంపులో వేడి వాయువు ఇప్పుడిప్పుడే పేరుకుంటోందని 2023లో సూక్ష్మతరంగ నీడ చూపింది. నా అంచనాలో పుట్టుక అనేది ఒక తేదీ కాదు. వాయువు వేడెక్కడం, గెలాక్సీలు ముదరడం, నడిబొడ్డులో కొలిమి రగలడం వేర్వేరు వేళల్లో జరిగి ఉంటాయి. రెడ్‌షిఫ్ట్ 2 నుంచి 3 మధ్య ఆ వరుస ఏమిటో తెలుసుకోవడానికి ఇప్పటి టెలిస్కోపులకు కాంతి సేకరించే శక్తి చాలదు. ఐరోపా అంతరిక్ష సంస్థ 2030ల చివర్లో పంపాలనుకుంటున్న న్యూఅథీనా ఆ పనికే.

మీ దగ్గరున్న ఆ వార్త అసలు పత్రాన్ని తెరవగలిగితే, సాంద్రత పటాల్లో నిలువు అక్షం మీద ఏం రాశారో చూడండి. కీలక సాంద్రతతో భాగించిన పటం ఒకటి, భాగించనిది ఒకటి ఉంటాయి. మొదటిదాంట్లో గీతలు కుడివైపు, అంటే అంచుల్లో, ఒకదాని మీద ఒకటి పడతాయి. రెండోదాంట్లో ఎడమవైపు, అంటే కేంద్రంలో పడతాయి.